కషాయంలో ముంచిన పిలకలు

మా వైపు అరటి పిలకని అమ్మరు. అడిగిన వాళ్ళకి తవ్వి ఇస్తారు. తీసుకున్న వాళ్ళు మొదటి గెల దిగగానే అందులో పైఅత్తం, అంటే పై వరస పళ్ళు, కోసి పిలక ఇచ్చిన ఇంటికి పంపిస్తారు. ఆ పళ్ళు వచ్చిన రోజున ఇంటివాళ్ళు చుట్టుపక్కల తలా రెండు పంచి, ఫలానా ఊళ్ళో మా చెట్టు కాసిందని చెప్పుకుంటారు. పిలక అడిగితే లేదనడం మాత్రం ఉండదు. మాటలు లేని దాయాదులు అడిగినా తవ్వి గట్టు మీద పెట్టి వెళ్తారు. నేను నా జన్మలో ఒక్కసారి లేదన్నాను. అదీ తోడబుట్టిన అక్కతో, ఆవిడ వాకిట్లో నిలబడి.

నయాపైసలు వచ్చిన కొత్తల్లో మాట ఇది. అవనిగడ్డకి రెండు మైళ్ళ దూరంలో మాకు ముప్పాతిక ఎకరం మెరక ఉండేది. మిగిలిందంతా వరి పొలం. మెరకలో మా నాన్న కాలం నుంచీ అమృతపాణి అరటే. ఆ పండు సంగతి తిన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. పలచటి తోలు, పండితే బంగారు రంగు, గది మూల గెల వేలాడదీస్తే వాకిట్లోకి వాసన వచ్చేది. బాగా పండితే చెయ్యి తగలకుండానే గెల నుంచి రాలిపోయేది. మా తోట గెలలంటే బందరు కొట్లవాళ్ళు ముందే చెప్పి ఉంచుకునేవాళ్ళు.

బడి చదువు నాకు ఐదో తరగతితో ఆగిపోయింది. ఆపైన చదివిందంతా లైబ్రరీలో చదువుకున్నదే. ఆ సంగతి అప్పుడూ గొప్పగానే చెప్పుకునేవాణ్ణి, ఇప్పుడూ చెప్పుకుంటాను. అవనిగడ్డ లైబ్రరీలో ఉన్న తెలుగు పుస్తకాలు మూడేళ్ళలో అయిపోయాయి. అర్థమైనా కాకపోయినా వైద్యం, జ్యోతిషం, తేనెటీగల పెంపకం, ఏదీ వదల్లేదు. ఆ తర్వాత బందరు వెళ్ళి అక్కడి లైబ్రరీలో ఇంగ్లీషు మొదలుపెట్టాను. ఎదురుగా నిఘంటువు, పక్కన నోటుబుక్కు. ఒక పేజీకి ఒక పూట పట్టేది. ఊళ్ళో ఏ మాట వచ్చినా "పుస్తకంలో ఉంది" అనడం నాకు అలవాటు. మా ఆవిడ ఆ మాట వినపడితే చాలు, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఆ ఏడు కార్తీకంలో తోట తూర్పు మూల నాలుగు చెట్లకి కింది ఆకులు పసుపు తిరిగాయి. అంచు దగ్గర మొదలై ఈనె దాకా పాకింది. పది రోజుల్లో ఆకులు కాడ దగ్గర విరిగి, బోదె చుట్టూ పావడాలా వేలాడాయి. తర్వాత బోదె మొదట్లో నిలువునా చీలింది. నీళ్ళు సరిపోలేదేమో అనుకుని పెట్టాను. ఎక్కువయ్యాయేమో అనుకుని ఆపాను. ఎలా చేసినా అయిదో చెట్టు, ఆరో చెట్టు పసుపు తిరిగాయి.

"చెట్లకి పచ్చకామెర్లు వచ్చాయి" అని నవ్వాడు పక్క పొలం ఆసామి. దిష్టి తగిలింది, పాత చెప్పు కట్టమంది మా ఆవిడ. నాకు కోపం వచ్చింది. మర్నాడు బస్సెక్కి బందరు వెళ్ళాను.

లైబ్రరీలో అరటి సాగు మీద ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం ఉంది. అట్ట ఊడిపోయింది. అందులో సరిగ్గా మా చెట్ల లక్షణాలే ఉన్నాయి. పసుపు ఆకులు, పావడా, చీలిన బోదె. పనామా తెగులు అని పేరు. చదువుతుంటే, ఎక్కడో సముద్రాల అవతల మా తూర్పు మూలని చూసి రాసినట్టు ఉంది. తర్వాతి పేరాలో ఆ తెగులు ఒక తోట నుంచి ఇంకో తోటకి ముఖ్యంగా 'సక్కర్స్' వల్ల వెళ్తుందని ఉంది. ఆ మాట నాకు తెలియదు. అప్పటికే చీకటి పడుతోంది. లైబ్రేరియన్ గారు కిటికీలు వేస్తూ నా వైపు చూస్తున్నారు.

"ఒక్క మాట చూసుకుని ఇచ్చేస్తానండీ" అన్నాను.

"రోజూ ఒక్క మాటే అంటారు" అన్నారాయన.

నిఘంటువులో ఆ మాట పేజీ అడుగున, చివరి వరసలో ఉంది. పీల్చునది అని అర్థం. నిఘంటువు మూసి ఇచ్చేశాను. బస్సులో తిరిగి వస్తూ నాలో నేనే మురిసిపోయాను. చెట్టు రసం పీల్చే పురుగులన్నమాట. వచ్చీ రాగానే లాంతరు పట్టుకుని మొవ్వుల్లో వెతికాను. నిజంగానే నల్లటి పేను ఉంది. ఏ అరటి తోటలోనైనా కాస్తో కూస్తో అది ఉంటుందని ఆ రోజు నాకు తట్టలేదు. పుస్తకంలో ఉంది, చెట్టు మీద ఉంది, ఇంకేం కావాలి?

పొగాకు కాడలు ఉడకబెట్టి కషాయం చేసి, వేపకొమ్మతో చెట్టు చెట్టుకీ చల్లాను. చలికాలంలో పసుపు పాకడం తగ్గింది. చలికి తగ్గిందో, కషాయానికి తగ్గిందో నాకు అనుమానమే రాలేదు. పక్క పొలం ఆసామిని పిలిచి మరీ చూపించాను.

మా అక్కని గుడివాడ దగ్గర ఒక ఊరికిచ్చారు. అక్కడ అంతా పల్లపు వరి. మా అక్కకి మాత్రం అరటి తోట లేకుండా ఊపిరాడేది కాదు. బావని ఒప్పించి, కాలవ పక్కన ఉన్న అరెకరం మడిలో రెండు ఎండాకాలాలు చెరువు మట్టి తోలించి మెరక చేయించింది. వైశాఖంలో బావ రెండు ఎడ్లబండ్లు కట్టుకుని పిలకల కోసం మా ఊరు వచ్చాడు. తోటలో పచ్చగా ఉన్న పడమటి వైపు చూసి, ఏపుగా ఉన్న పిలకలు తవ్వించాను. పెద్ద గాబు నిండా పొగాకు కషాయం పోసి, ఒక్కొక్క పిలకనీ అందులో ముంచి తీస్తున్నాను.

బావ గట్టు మీద చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. "ఏమోయ్, పిలకలకి తలంటు పోస్తున్నావా?"

"కషాయం, బావా. పీల్చే పురుగుల వల్లే ఆ పసుపు తెగులు ఒక తోట నుంచి ఇంకో తోటకి వెళ్తుంది. పుస్తకంలో ఉంది."

"ఏ పుస్తకం?"

"ఇంగ్లీషుది."

"ఇంగ్లీషు వాళ్ళు వెళ్ళి ఇన్నేళ్ళయింది, వాళ్ళ పురుగులు ఇంకా వెళ్ళలేదన్నమాట. ఏంటి దాని పేరు?"

"సక్కర్స్."

"చక్కెరా? అమృతపాణి పట్టుకెళ్తుంటే మధ్యలో చక్కెరకేళి ఊసెందుకోయ్." తన మాటకి తనే నవ్వి, చుట్ట నేలకేసి రాసి ఆర్పాడు. "నవ్వులకేం గానీ, ఒక సంగతి చెప్తాను విను. ఈ తోట మా అమ్మకి సుతరామూ ఇష్టం లేదు. వరి పండే మడి చెడగొట్టారంటుంది. మొన్న మీ అక్కతో, మీ తమ్ముడు చదివింది ఐదు, వాడి మాట మీద తోట వేస్తారా అంది. మీ అక్క ఊరుకుంటుందా? మా తమ్ముడు చదివిన చదువు మీ ఊరంతా కలిపి చదవలేదంది. ఇంక వాళ్ళిద్దరి మధ్య నా నోరు లేస్తుందా."

ఆ మాటకి నాకు కడుపు నిండిపోయింది. ఇంకో గాబు కషాయం కాయించాను.

శ్రావణం వానలు మొదలయ్యాక మా తోట కూలడం మొదలుపెట్టింది. తూర్పు మూల అని లేదు. ఎక్కడ చూసినా పసుపే. పడమటి వైపు, పిలకలు తవ్వించిన చోట కూడా వచ్చింది. రోజూ పొద్దున్నే తోటలోకి వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు. కషాయం చల్లి చల్లి చేతులు పొక్కాయి. ఆఖరికి సిగ్గు విడిచి వ్యవసాయ శాఖ డిమాన్‌స్ట్రేటరు గారిని తీసుకొచ్చాను. ఆయన చిన్నవాడే, సన్నగా ఉండేవాడు. ఎక్కువ మాట్లాడలేదు. పసుపు తిరిగిన చెట్టొకటి తవ్వించి, దుంపని కొడవలితో అడ్డంగా కోశాడు. తెల్లగా ఉండాల్సిన దుంపలో ఇటుక రంగు చుక్కలు, చారలు. కుళ్ళు వాసన వేసింది.

"పురుగు కాదండీ ఇది" అన్నాడు. "మట్టిలో ఉండే బూజు. వేళ్ళలోంచి దుంపలోకి ఎక్కుతుంది. నీళ్ళ దారి మూసేస్తుంది. అందుకే ఆకు ఎండిపోతుంది."

"పుస్తకంలో సక్కర్స్ వల్ల అని ఉందండీ" అన్నాను.

"అవునండీ, వాటి వల్లే. పిలకల వల్లే ఊళ్ళు దాటుతుంది."

నాకు వినపడింది గానీ అర్థం కాలేదు. ఆయన నా మొహం చూసి, "సక్కర్ అంటే పిలకేగా. మీరేమనుకున్నారు?" అన్నాడు.

నేనేమీ అనుకోలేదన్నట్టు తల ఊపాను.

"ఈ తోట నుంచి ఎవరికైనా పిలకలిచ్చారా?"

"లేదండీ" అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు. నోరు దానంతట అదే అంది. ఆయన కొడవలిని బొగ్గుల మంట మీద కాల్చి తుడుచుకుంటూ చెప్పాడు. ఈ తెగులుకి మందు లేదు. ఈ మట్టిలో ఏళ్ళ తరబడి అమృతపాణి నిలవదు. మట్టిలో తెగులున్నా తట్టుకుని నిలబడే రకం దొరికితే అదే మందు. మీ చుట్టుపక్కల ఏ అరటి నిలబడిందో వెతకండి, నాకూ చెప్పండి అని వెళ్ళిపోయాడు.

మర్నాడు బందరు వెళ్ళి నిఘంటువు తీశాను. పీల్చునది అన్న మాట పేజీ అడుగున అలాగే ఉంది. పేజీ తిప్పాను. అవతలి పేజీ మొదటి వరసలోనే ఉంది, మొక్క మొదట్లో పుట్టే పిలక అని. ఎంతసేపు దాని వంక చూస్తూ కూర్చున్నానో గుర్తు లేదు. లైబ్రేరియన్ గారు కిటికీలు వేస్తూ, "ఇవాళ మాట దొరికిందా?" అన్నారు. దొరికిందండీ అన్నాను.

ఆ నెలంతా తిండి సయించలేదు. నాటిన పిలక పసుపు తిరగాలంటే ఐదారు నెలలు పడుతుంది. అక్క తోటకి నాలుగో నెల నడుస్తోంది. తెగులున్న పిలకలు అందులో కొన్నయినా వెళ్ళి ఉంటాయి. లేక ఒక్కటీ వెళ్ళలేదేమో. పడమటి వైపువి కదా. కషాయంలో ముంచాను కదా అని ఒకసారి అనిపించి, ఆ వెంటనే సిగ్గేసింది.

భాద్రపదంలో, చెప్పేద్దామనే, బందరులో రైలెక్కి గుడివాడలో దిగి వాళ్ళ ఊరు వెళ్ళాను. బావ నన్ను ఇంట్లోకి కూడా రానివ్వకుండా తిన్నగా తోటకి తీసుకెళ్ళాడు. తోట నా ఎత్తు పెరిగింది. నల్లటి పచ్చ. వరసకి వరస తాడు పట్టినట్టు ఉంది. నేను ఆకుల్ని కాదు, అడుగున చూస్తున్నాను. ఒక్కొక్క చెట్టు దగ్గర వంగి, కింది ఆకు అంచు చూసి, మళ్ళీ ఇంకో చెట్టు.

"ఏంట్రా, చెట్టు చెట్టుకీ దండం పెడుతున్నావు?" అంది మా అక్క.

"బాగుంది, అక్కా" అన్నాను.

"బాగుండకేం. మా అత్తగారు కూడా నిన్న పొద్దున ఇటు వచ్చి, ఎవరూ చూడలేదనుకుని ఒక ఆకు నిమిరి వెళ్ళింది."

ఎక్కడా పసుపు లేదు. ఇంక చెప్పడం దేనికి, రాని తెగులుకి అందర్నీ భయపెట్టడం దేనికి అనుకున్నాను. భోజనం చేసి, పెరుగన్నంలోకి వాళ్ళు వేసిన ఆవకాయ బాగుందని చెప్పి, సాయంత్రం బండికి వచ్చేశాను. రైల్లో కూర్చున్నాక మాత్రం కళ్ళ ముందు ఆ కింది ఆకులే.

నిలబడే రకం కోసం వెతకడం అప్పుడు మొదలుపెట్టాను. బందరు లైబ్రరీ పుస్తకంలో తెగులుకి లొంగని రకాల పేర్లున్నాయి గానీ, అవేవీ మన సంతలో వినపడే పేర్లు కావు. పైగా ఒకే అరటికి ఊరికో పేరు. ఒకచోట అమృతపాణి అంటారు, ఇంకోచోట ఇంకేదో అంటారు. పుస్తకంలో పేరుని చెట్టుతో కలపడం ఎలాగో తెలియక నోటుబుక్కులో రెండు పేజీలు రాసి కొట్టేశాను.

"ఏవండీ, ఊళ్ళన్నీ తిరుగుతున్నారు. పెరట్లో అత్తయ్య వేసిన దుబ్బు చూశారా?" అంది మా ఆవిడ ఒక రోజు.

మా అమ్మ బతికుండగా దొడ్డి వెనక ఒక కర్పూర చక్కెరకేళి పిలక పాతింది. భోజనాల ఆకులకని. తోట నీళ్ళు, వాన నీళ్ళు అన్నీ అటే పోతాయి. అంటే మా తెగులు మట్టంతా కొట్టుకొచ్చి ఆ దుబ్బు మొదట్లోనే చేరుతుంది. దాని చుట్టూ ఉన్న పది అమృతపాణి చెట్లూ పడిపోయాయి. అది మాత్రం గెల వేసి నిలబడి ఉంది. రోజూ దాని ఆకు కోసుకుని అన్నం తింటూ నేను చూడలేదు.

కానీ నాకు ఇప్పుడు ఏ మాట మీదా నమ్మకం లేదు. రకం మంచిదై నిలబడిందా, దొడ్డి ఎరువు బలం మీద నిలబడిందా? డిమాన్‌స్ట్రేటరు గారిని అడిగితే నాటి చూడమన్నారు. చచ్చిన చెట్ల గోతుల్లోనే ఆరు చోట్ల, ఒక అమృతపాణి పిలక, పక్కనే ఒక కర్పూర చక్కెరకేళి పిలక, జతలుగా పాతాను. అదే మట్టి, అవే నీళ్ళు. ఊళ్ళోవాళ్ళకి అది పిచ్చిలా కనిపించింది. చచ్చేచోట అమృతపాణి ఎందుకు పాతుతున్నావని అడిగారు. చస్తుందో లేదో చూడటానికి అంటే నవ్వారు. ఈసారి పుస్తకం మాట ఎత్తలేదు.

పుష్యంలో బావ దగ్గర నుంచి కార్డు వచ్చింది. అందరూ క్షేమం అని రాసి, చివర్న సన్న అక్షరాలతో ఉంది. 'కాలవ వైపు వరసలో కొన్ని చెట్లకి కింది ఆకులు పసుపు తిరిగాయి. నీ చక్కెర పురుగులు మా ఊరు కూడా వచ్చినట్టున్నాయి. కషాయం కొలతలు రాయి.'

ఆ కార్డు జేబులో పెట్టుకుని గోతుల దగ్గరికి వెళ్ళాను. చచ్చిన చెట్ల మట్టి కనక ఐదారు నెలలు కూడా పట్టలేదు, అప్పటికే ఆరు అమృతపాణిల్లో రెండు పసుపు తిరిగాయి, మూడోది అంచు మారుతోంది. కర్పూర చక్కెరకేళి ఆరూ పచ్చగానే ఉన్నాయి. వంగి కింది ఆకులు ఒకటికి రెండుసార్లు చూశాను. అది సరిపోతుందో లేదో తెలియదు. ఆ రోజే బయల్దేరాను.

వాళ్ళ అరుగు మీద బావ వాళ్ళ అమ్మ పత్తి ఏరుతోంది. అక్క కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వారం నుంచీ అత్తగారి నోట ఏమేం వచ్చి ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. నేను కషాయం మాట తీసి, అది పనికిరాదని, తెగులు మట్టిలో ఉందని, అమృతపాణి వదిలేసి కర్పూర చక్కెరకేళి వేసుకోవాలని, మా పెరట్లో అమ్మ వేసిన దుబ్బు ఒక్కటే నిలబడిందని చెప్పాను. తెగులు ఎక్కణ్ణించి వచ్చిందో మాత్రం చెప్పలేదు.

అక్క మొహం విప్పారింది. "అమ్మ వేసినవి ఉన్నాయా ఇంకా? నాకు గుర్తేరా, నేనే నీళ్ళు పోశాను. అవే తెచ్చి పెట్టు. బావ బండి కడతారు."

"అవి వద్దక్కా" అన్నాను.

"వద్దేంటి?"

"ఆ దుబ్బు పిలకలు ఇవ్వకూడదు."

పత్తి ఏరుతున్న ఆవిడ చెయ్యి ఆగింది. "పుట్టింటి పిలక ఆడపిల్లకి లేదంటున్నాడా?" అంది, నాతో కాదు, పత్తితో అన్నట్టు.

అక్క నా వైపు చూసింది. కోపంగా కూడా కాదు, తప్పు విన్నట్టు చూసింది. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"ఆ దుబ్బుకి తెగులు లేదు గానీ దాని దుంపకి అంటుకున్న మట్టిలో ఉంటుంది, అక్కా. మా తోట మట్టి ఇంక ఎక్కడికీ వెళ్ళకూడదు. ఇక్కడికి వచ్చింది కూడా దాన్లోంచే. నేనిచ్చిన పిలకల్లోనే వచ్చింది. సక్కర్ అంటే పురుగు కాదు. పిలక. నేను పేజీ తిప్పి చూడలేదు."

బావ నెమ్మదిగా, "అంటే నువ్వు తలంటు పోసింది నీ చక్కెర పురుగులకే అన్నమాట" అని నవ్వబోయి, ఆగిపోయాడు.

అక్క అడిగింది. "నీకిది ఎప్పుడు తెలుసురా?"

"శ్రావణంలో."

"భాద్రపదంలో వచ్చావు కదా."

"వచ్చాను."

"ఆవకాయ బాగుందన్నావు" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

అత్తగారు ఒక్క మాట కూడా అనలేదు. అంటుందని చూశాను. అని ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం నేనూ బావా గునపాలు పట్టుకుని కాలవ వైపు వరస తవ్వేశాం. దుంపలు కాలవలో పారేయకుండా అక్కడే తాటాకు వేసి తగలబెట్టాం. కోసిన ప్రతి దుంపలోనూ ఇటుక రంగు చుక్కలు. బావ ఒక్కొక్కటీ తిప్పి చూసి, మంటలో వేసేవాడు. రెండు ఎండాకాలాలు మట్టి తోలిన ఎడ్లు పక్కనే గడ్డి మేస్తున్నాయి.

"మిగిలినవి?" అన్నాడు.

"కొన్ని కాస్తాయి. కొన్ని పోతాయి. పోయిన గోతిలో కర్పూర చక్కెరకేళి పాతుకుంటూ రావాలి."

"అది నిలబడుతుందా?"

"ఆరు గోతుల్లో నిలబడింది."

"ఆరేనా?"

"ఆరే, బావా."

శుభ్రమైన పిలకలు ఎక్కడ దొరుకుతాయన్నది తర్వాతి బెంగ. అమృతపాణి ఎప్పుడూ అడుగుపెట్టని మట్టి కావాలి. చాలాచోట్ల విచారించాను. ఎక్కడ అడిగినా మా తోట పిలకో, దాని పిల్లో అంతకుముందే చేరి ఉంది. మా నాన్న చేతి గొప్ప అంత దూరం పాకిందని అప్పుడు తెలిసింది. ఒకప్పుడైతే ఆ మాటకి ఎంత పొంగిపోయేవాణ్ణో. ఆఖరికి హంసలదీవి దగ్గర, ఇసక నేలలో గుడిసె చుట్టూ పాతిక దుబ్బులు పెంచుకుంటున్న ఒక ముసలమ్మ ఉందని విన్నాను. అన్నీ కర్పూర చక్కెరకేళే.

ఆవిడ కంచె బయట కుండలో నీళ్ళుంటే, ముందు కాళ్ళు కడుక్కున్నాను. చెప్పులు బయటే విడిచాను. గునపం కూడా ఇంటి దగ్గరే కాల్చి తెచ్చుకున్నాను.

"అంత భక్తిగా కాళ్ళు కడుగుతున్నావేంటి నాయనా, ఇది గుడి కాదు" అంది.

"మా మట్టి మంచిది కాదు, పిన్నీ."

"మట్టికి మంచీ చెడ్డా ఏంటి? ఏం కావాలి?"

"పిలకలు. చాలా కావాలి. మా అక్కకి."

"అడిగితే లేదంటామా?" అంది, నేను లేదన్న సంగతి తెలియని మనిషి. "నీకు కావలసినన్ని తవ్వుకో. గెల వేసిన చెట్టు మొదట్లో మాత్రం వేళ్ళు తెగకుండా చూడు."

తవ్విన ప్రతి పిలక దుంపనీ అంచు చెక్కి చూశాను. తెల్లగా ఉంది. అయినా రెండోసారి చెక్కాను. ఆవిడ చూసి చూసి, "కొబ్బరికాయ కొడుతున్నావా, కుళ్ళిందో లేదో చూడటానికి" అంది.

ఆ పిలకలు అక్క వాళ్ళ ఊరు చేర్చి, చేతులారా గోతులు తీసి నాటాను. అక్క తోటలోకి రాలేదు. మజ్జిగ గ్లాసు ఇంటి గుమ్మం మీద పెట్టేది. తర్వాత నెలకోసారి వెళ్ళేవాణ్ణి. వెళ్ళగానే తిన్నగా తోటకి. ఒకసారి ఒక కర్పూర చక్కెరకేళి కింది ఆకు పండి కనపడితే బోదె చుట్టూ తడిమి తడిమి చూశాను. అది ముదిరి పండిన ఆకు, తెగులు కాదు. చీలిక లేదు, పావడా లేదు. ఆ సంగతి నాకు నేను చెప్పుకోవడానికి అరగంట పట్టింది. అమృతపాణిలో సగం పైన ఆ ఏడు పోయాయి. మిగిలినవి చిన్న గెలలు వేశాయి. బావ వాళ్ళ అమ్మ అవి తిని బాగున్నాయంది, తోట గురించి మాత్రం ఏమీ అనలేదు.

మళ్ళీ పుష్యంలో ఒక రోజు బావ బందరు మీదుగా మా ఇంటికి వచ్చాడు. చేతిలో గోతాం. అందులోంచి ముందు ఒక అత్తం తీశాడు. నిండుగా ఉన్న కర్పూర చక్కెరకేళి. మొదటి గెల దిగిందన్నమాట. నేను చెయ్యి చాపాను.

"ఇది నీకు కాదు" అన్నాడు. "పిలక ఇచ్చిన ఇంటికి వెళ్ళాలంట. హంసలదీవి ముసలమ్మకి. మీ అక్క మరీ మరీ చెప్పింది. నీకు పంపింది ఇదీ." పాత గుడ్డలో చుట్టిన బరువైనదేదో నా ముందు పెట్టాడు.

గెల కోసిన చెట్టు దుంప. అక్క దాన్ని మూడుసార్లు కడిగిందట. చిన్న వేరు కూడా లేకుండా చెక్కి పంపింది.

"కొయ్యమంది" అన్నాడు బావ.

కత్తిపీట తెచ్చి కోశాను. దుంప తెల్లగా ఉంది. నడుమ ఒకచోట నల్లటి చుక్క కనిపించింది. గోరుతో గీకాను. కత్తికి ఉన్న తుప్పు. అది పోయింది. ఇంకా రెండుచోట్ల కోశాను. ఇంకోచోట కొయ్యబోతుంటే బావ కత్తిపీట మడిచి పక్కన పెట్టాడు.

"ఇంక చాలు. నాలుగు పేజీలూ చూశావు" అన్నాడు.

సాయంత్రం ఇద్దరం ఆ అత్తం పట్టుకుని హంసలదీవి వెళ్ళాం. ముసలమ్మ కంచె దగ్గర నేను కుండలో నీళ్ళు ముంచి కాళ్ళు కడుక్కుని, చెంబు బావకిచ్చాను.

"నేనెందుకోయ్? నీ తోట మట్టి నాకేం అంటలేదు."

"మీ మట్టి కూడా నా మట్టే, బావా" అన్నాను.

బావ ఒక క్షణం నా వంక చూసి, పంచె ఎగగట్టి, వేళ్ళ సందులు కూడా రుద్ది రుద్ది కడుక్కున్నాడు.